సూదితోకలు అచ్చిన ఏడు

సిరిసిల్ల,
డిసెంబర్ 3

మొగిలిగానికి,

నీ దోస్తు ముత్యం రాసుడు. బాగున్నవా అని అడుగ. బాగలేకుంటె నువ్వే రాస్తుంటివి, తిట్లతోని.

నిన్న మల్ల ఫోన్ చేసినవట, మా బిడ్డ వర్ష ఎత్తింది. ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు! ముప్పై ఏండ్లు మరమగ్గం సాంచల నడుమ నిలవడి బట్ట నేసిన చెవులివి. మొత్తానికే పోయినయి. డాక్టర్ ఒక మిషన్ ఇచ్చిండు. గది పెట్టుకుంటె మనిషి మాట గూడ సాంచ సప్పుడు లెక్కనే గడగడ ఇనవడ్తది. తీసి డబ్బల పెట్టిన. నాకు ఏం చెప్పాలన్నా కాయితం మీద రాయి.

చెర్లకు సూదితోకలు అచ్చినయా? పొద్దుగాల కల్లు గీయనీకి తాడిచెట్టు ఎక్కినప్పుడు నీకు చెరువంత కనవడ్తది గద, లెక్కవెట్టి రాయి. ఊరిడిసి ఇన్నేండ్లయినా కార్తీకం దాటితె నాకు గా బాతులే యాదికస్తయి. వర్ష కాలేజీల చదివి చెప్తది, గవి మంచు దేశాలకెల్లి కొండలు దాటి అస్తయట. పగలు నీళ్ల నడుమ పండుకొని, పొద్దువోయినంక పొలాలల్ల మేతకు దిగుతయట. గిది మనకెర్కలేదా? కొత్త ముచ్చట ఒక్కటే చెప్పింది. అవి జతలు గట్టుడు మన చెర్లనేనట. ఎండకాలం మొదలుగాంగనె మగది ఆడదాని ఎంబడి పోతదట, ఆడది పుట్టిన కాడికి. తోవ ఆడదానికే ఎర్క. ఇల్లరికమే, నీ చిన్నల్లుని లెక్క! మస్తు నవ్వొచ్చింది నాకు.

ఏడాదికొక్కపారి తౌడుల కల్లు మడ్డి పిసికి కట్ట కింద చల్లుతుంటిమి, యాదున్నదా? పొద్దుగాలకు బాతులు నిషాల తూలుతుంటె మా నాగక్క గంప బోర్లిచ్చి పడుతుండె. నాలుగంటె నాలుగే. ఐదోదాన్ని ముట్టనియ్యకపోతుండె. గా కూర కారానికి ముక్కులు కారంగ తింటుంటిమి. ఇప్పటికి చేస్తున్నరా?

ఇగ అసలు సంగతి. వర్షకు సంబంధం ఖాయమైంది. మాఘంల ఎంగేజ్‌మెంట్. దీనితోని ఇంకో కాయితం పెట్టిన, మా అక్కకు. ఆమెకు చదువు రాదు, నువ్వే చదివి ఇనిపియ్యి. ఉన్నదున్నట్టు చదువు, నీ తెలివి కలుపకు.

ముత్యం

(అక్కకు రాసిన కాయితం)

నాగక్కకు తమ్ముడు ముత్యం దండాలు. వర్ష ఎంగేజ్‌మెంట్ కుదిరింది. పిల్లగానోళ్లు బాగ పట్టింపు మనుషులు. బావ పోయినంక నువ్వు బొట్టు పెట్టుకుంటలేవు. ఎదురు రావద్దని ఎవలన్నా ఒక మాటంటె నలుగుట్ల నువ్వు చిన్నవోతవు, నేను తట్టుకోలేను. గందుకే గా దినం రాకు. ఒక వారం ఆగి రా. తప్పుగ అనుకోకు. నువ్వు నన్ను ఎత్తుకొని సాదినవు, నాకు తెల్వదా.


ఎర్రకుంటపేట, మేడిపల్లి మండలం,
డిసెంబర్ 24

ముత్యానికి,

చదివిన. నాగక్క గల్మల కడప మీద కూసొని బీడీలు చుట్టుకుంట ఇన్నది. నువ్వు రాసింది రాసినట్టే చదివిన, నీకు సిగ్గు లేకున్నా నాకు నోరు రాకున్నా. ఆమె ఏమన్నదో ఆమెనే నీకు చెప్తది. గిసుంటి పని నాకు ఇంకోపారి పెట్టకు.

బాతులు అడిగినవు గద, ఇను. ఆరునూర్లు దాటినయి. ఈ ఏడు కాలువ నీళ్లతోని చెరువు నిండుగున్నది. కట్ట మీది తాడెక్కి చూస్తె నీళ్లు కనవడుతలేవు, అన్నీ అవ్వే. మగటియి గోధుమ తలకాయ, మెడకు తెల్ల గీత, సూది తోక. ఆడయి మట్టి రంగు. పగలు బుద్ధిమంతుల లెక్క గాలికి ఎదురు తిరిగి పండుకుంటయి. నీకు సినిమా ముచ్చట లెక్కున్నది. నాకు నోట్లె మన్ను కొడుతున్నయి.

నాటుకు కూలీలు దొరుకుతలేరని నా ఎకరంనర మొలక వడ్లు అలికిన. తెల్లారి పోయి చూస్తె మడి మడంత మూతులు పెట్టి కెలికినట్టున్నది. మొలక మొలక ఏరి మింగినయి. మల్ల తెచ్చి నానవోసి, మండె కట్టి, అలికిన. మల్ల గదే. డబ్బాలు కొట్టిన, పటాకులు కాల్చిన, మనిషి బొమ్మ పెట్టిన. బొమ్మ పక్కపొంటే మేసినయి! సంక్రాంతి లోపల మొలక నిలిచి పొలం పట్టకుంటె కాలువ నీళ్ల చివరి తడి అందదు. యాసంగి పంట పోయి పొలం పడావే. బాతులను పట్టేదామంటె ఫారెస్టోళ్లు పోయినేడు పక్కూరోని మీద కేసు పెట్టిండ్రు.

మడ్డి పండుగ ఈ ఏడు ఇంకా చేయలే. తాపుడేంది వాటికి, నా రక్తం తాగుతున్నయి.

మొగిలయ్య


సిరిసిల్ల,
జనవరి 24

మొగిలీ,

అక్క దినాలు అయిపోయి అచ్చిన కాడికెల్లి చెయ్యి కలం పట్టుతలేదు. ఇయ్యాల పట్టిన.

అక్క పోయిన దినం కోరుట్ల దవఖాన్ల పోలీసాయన నాకు ఏదో చెప్తుండు. నాకు ఇనవడుతలేదు. వర్ష ఏడ్సుకుంట నా అరచేతుల ఏలితోని రాసింది, 'మందు' అని. పురుగుల మందు. మా అక్క మందు తాగుడేందిరా? ఎవలమన్నా ఒక మాటంటె రెండనేది! తర్వాత ఆయన నా ఉత్తరం చూపిచ్చిండు. దిండు కింద దొరికిందట. నాలుగు మడతలు పెట్టి దాసుకున్నదట. మీ రాత వల్లనే అయినట్టున్నదని పంచనామల రాసుకున్నరు. నాతోనే సంతకం పెట్టిచ్చిండ్రు.

నువ్వు పాడె మోసినవు. నా పక్కపొంటి నడిసినవు. ఒక్కపారన్నా నా మొకం చూడలే. నీకు గూడ నా మీద కోపమున్నది, సమజైంది నాకు. ఉండాలె.

ఒక్కటే అడుగుతున్న. గా ఉత్తరం చదివినప్పుడు అక్క మొకం ఎట్లుండె? ఏమన్నది? 'ఆమెనే చెప్తది' అని రాసినవు. ఆమె ఇగ చెప్పదు. నువ్వే చెప్పు, ఎంత కష్టమున్నా సరే.

ముత్యం


కోరుట్ల,
ఫిబ్రవరి 4

ముత్యానికి,

పని మీద కోరుట్ల అచ్చి ఇక్కడికెల్లే రాస్తున్న.

అయ్యిందేదో అయ్యింది. పోయినోళ్లను తవ్వుకోవద్దు. మనసు మీద పెట్టుకోకు. ఆమె నీ మీద కోపం చేయలే. గంతే నాకు ఎర్క.

ఆమె ఇల్లు తాళమేసిన. కోళ్లు నాలుగుంటే అన్నీ సచ్చిపోయినయి, కొక్కెర తెగులు తాకినట్టున్నది. బీడీ చాట, కత్తెర మా ఇంట్ల పెట్టిన. అచ్చినప్పుడు తీస్కపో.

పొలం పట్టింది.

మొగిలయ్య


సిరిసిల్ల,
మార్చి 10

మొగిలీ,

నువ్వు పది లైన్లు రాసినవు. నేను పదిసార్లు చదివిన. 'కోపం చేయలే' అన్నవు. కోపం చేయని మనిషి మందెందుకు తాగుతది?

సాంచలు బంద్ పెట్టిన. సేటు మనిషిని పంపిండు, పోలే. వర్ష లగ్గం ఆగింది. పిల్లగానోళ్లు కాదనలే, వర్షనే వద్దన్నది. మేనత్తను రావద్దన్న ఇంట్ల నాకు లగ్గమెందుకు అన్నది. అంటె నేను అన్నదే గద.

ఏమన్నా వేరే ముచ్చట రాయిరా. బాతుల సంగతి రాయి. తిరిగి పోయే యాళ్లయింది గద వాటికి. పోయినసారి పేజీ నిండ రాసినవు, ఈసారి ఒక్క ముక్క లేదు. ఎన్ని పోయినయి, ఎన్ని ఉన్నయి? ఇప్పుడు నాకు సాంచ సప్పుడు గూడ యాదికస్తలేదు. గా బాతులు తల మీదికెల్లి పోతుంటె సుయ్యిమనే రెక్కల సప్పుడు, 'ముత్తీ' అని అక్క పిలుపు, గీ రెండే మిగిలినయి చెవుల్ల. పిలుపు ఎక్కువైతున్నది. ఓర్సుకునుడు నాతోని అయితలేదు.

ముత్యం

(ఇంకో చిట్టి)

మొగిలి కాకా, నేను వర్షను. నాయినకు తెల్వకుండ కవర్ల పెడుతున్న. నాయిన తినుడు బంద్ జేసిండు. దినానికి రెండు చాయ్‌లు, గంతే. నడుము బట్ట నిలుస్తలేదు. మొన్న సాంచల షెడ్డుల ఒక్కడే కూసుండి దూలం దిక్కు చూస్తుంటె నేను పోయి గుంజుకచ్చిన. ఇంట్ల ఎవలమో ఒకలం పక్కనే ఉంటున్నం. ఎవలు చెప్పినా 'నేనే సంపిన' అంటుండు. అత్తతోని ఆఖరుకు మాట్లాడినోనివి నువ్వే. నీకు ఏమన్నా ఎర్కుంటె రాయి కాకా. నీ కాళ్లు మొక్కుత.


జగిత్యాల,
మార్చి 19

ముత్యమూ,

ఊరి పోస్టుడబ్బ కాడికి రెండుసార్లు పోయి వాపస్ అచ్చిన. గందుకే జగిత్యాల అచ్చి, బస్టాండ్ల బల్ల మీద కూసొని రాస్తున్న. రాసినంక ఇక్కడనే ఏస్త. చిట్టి రాసినందుకు వర్షను ఏమనకు.

మీ అక్క మందు తాగలే. నేను తినిపిచ్చిన. బుద్ధిపూర్వకం కాదు గని నా చేతులతోనే అయ్యింది.

మూడోసారి అలికినప్పుడు పొలానికేసే పురుగుల మందు గుళికలు తెచ్చిన. వడ్లకు పట్టిచ్చి, పొద్దుమూకంగ కట్ట పక్కమడిల చల్లిన. రెండు సస్తె మిగిలినయి జడుస్తయి అనుకున్న. ఫారెస్టోళ్ల భయానికి ఎవలకు చెప్పలే, ఇంట్ల గూడ చెప్పలే. తెల్లారి ఎవలు లేవకముందె ఏరి బొంద పెడ్తననుకున్న. గని నా తాళ్లు ఉన్నయి గద. పొద్దెక్కినంక గీస్తె కల్లు పులుస్తది. ముందుగాల చెట్లు, తర్వాత బాతులు అనుకున్న.

ఏడో తాడు మీదున్న. మోకు బిగిచ్చుకొని కిందికి చూసిన. మడిల బాతులు తూలుతున్నయి, రెక్కలు కొట్టుకుంట ఒరుగుతున్నయి. గంప పట్టుకొని నాగక్క కట్ట దిగుతున్నది. నన్ను చూసింది. చెయ్యి ఊపి ఒర్లింది, 'ఈ ఏడు మడ్డి బాగ తాపినవురా మొగిలీ!' అని.

అర్థమైందా ముత్యమూ? ఆమె మన మడ్డే అనుకున్నది. నిషాల ఉన్నయి అనుకున్నది. నలభై ఏండ్లకెల్లి ఆమె చూసింది గదే గద.

నేను ఒక్క కేక పెట్టి 'మందు' అంటె అయిపోతుండె. నోరు తెర్సిన. తాడు కింద నలుగురున్నరు కల్లు లొట్టి కోసం, అండ్ల గండ్ల శ్రీశైలం ఒగడు. వాడే పోయినేడు ఫారెస్టోళ్లకు చెప్పింది. నోరు మూసుకున్న. ఇంక నాలుగు తాళ్లే, దిగినంక పోయి చెప్తననుకున్న. అప్పుడే కోసి వండుతదా అనుకున్న. నాలుగు తాళ్లు గీసిన. కల్లు పోసిన. ఒక్కొక్కని ముచ్చట ఇన్న. గంటన్నర.

పోయేసరికి గల్మల పడున్నది. నోట్లె నురుగు. పొయ్యి మీద కుండ ఉన్నది. కార్జం, కందనకాయ నిప్పుల మీద కాల్చుకొని తిన్నది, అవి ఆమెకు ఇష్టం గద. కందనకాయల్నే మందు వడ్లున్నయి. పేగులు వాకిట్ల ఏస్తె కోళ్లు తిన్నయి. కొక్కెర తెగులని నీకు అబద్ధం రాసిన. 108కు ఫోన్ కొట్టిన. అది అచ్చే లోపల కుండ, ఈకలు, కోళ్లు అన్నీ తీసుకపోయి బొంద పెట్టిన. ఆమె ఇంకా ఊపిరి పీలుస్తుండంగనె, నేను బొంద తవ్వుతున్న. దవఖాన్ల ఏం తిన్నదని అడుగుతె తెల్వదన్న.

నీ ఉత్తరం దొరికి వాళ్లు గట్ల అనుకుంటె, నేను గట్లనే ఉండనిచ్చిన. నా మెడల ఉరితాడు తీసి నీ మెడల ఏసిన.

ఇగ నువ్వు అడిగింది. నీ ఉత్తరం చదివినప్పుడు ఆమె నవ్వింది. 'వాడు చిన్నప్పటికెల్లి పిరికోడే' అన్నది. 'ఎంగేజ్‌మెంటుకు రావద్దంటె ముందుగాలనే పోతె సరి. కూర వండుకపోయి తమ్మునికి పెట్టి, పిల్లకు చీరె పెట్టి, గా దినానికి తిరిగొస్త. ఎవడు అడ్డమొస్తడో చూస్త' అన్నది. నా చేతులకెల్లి ఉత్తరం గుంజుకొని మడతపెట్టింది. 'ఎత్తుకొని సాదినవు' అని రాసినవు గద, గా ముక్క మూడుసార్లు చదివిపిచ్చుకున్నది. గందుకే దాసుకున్నది. ఆ కుండల కూర నీకే, మర్నాటి బస్సుకు తెస్తుండె. ఆమె కందనకాయ రుచి చూడకుంటె మీ ఇల్లంత పోతుండ్రి.

బాతులు అడిగినవు. మడిల నలభైయొకటి ఏరిన. మిగిలినయి గా వారమే లేసిపోయినయి. చెరువు ఉత్తదే. ఒక్క మగది నాలుగు దినాలు గా మడి మీదనే తిరిగింది. దిగుడు, లేసుడు. ఆడదాని ఎంబడి పోతదని నువ్వు రాసినవు గద. ఎటు పోవాల్నో తెల్వక తిరుగుతున్నది అనుకున్న. చెట్టెక్కినప్పుడల్ల కనవడేది. ఐదోనాడు లేదు.

పొలం పట్టిందని రాసిన. పచ్చగున్నది. గటు పోబుద్ధి అయితలేదు.

నువ్వు ఏం చేయమంటె గది చేస్త.

మొగిలయ్య


సిరిసిల్ల,
మార్చి 25

మొగిలయ్యకు,

నీ ఉత్తరం అందింది. వర్ష చదివింది, నేను చదివిన.

నా అక్క ప్రాణం కంటె నీకు శ్రీశైలం గాని నోరు ఎక్కువైంది. రెండున్నర నెలలు నన్ను చూసుకుంట ఊకున్నవు. నేను దూలం దిక్కు చూసిన్నని నీకు తెల్వకుంటె ఇంకా ఊకుందువు.

ఒక్కటి చెప్పు. కూర నాకోసమే అన్నవు. అబద్ధాలు అలవాటైనోనివి, నా కడుపు సల్లవడాలని గిది గూడ కల్పిచ్చినవేమో? నిన్ను నమ్ముడు నాతోని అయితలేదు. గా కుండ నీ చేతులతోనే బొంద పెట్టినవు గద. మూత తీసి చూసినవా? అండ్ల ఏమున్నది, ఎట్లున్నది? కలుపకుండ రాయి. గదొక్కటే.

ముత్యం


ఎర్రకుంటపేట,
మార్చి 31

ముత్యానికి,

చూసిన. బొందల ఒంపేటప్పుడు చూసిన.

నాలుగు బాతుల కూర. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ బాగ ఏసింది. కారం ఏయలే. ఎర్రగ లేకుండె, తెల్లగున్నది. పైన మిర్యాల పలుకులు తేలుతున్నయి. నాగక్క కూర గట్ల ఎన్నడు చూడలే నేను. పరేషాన్ల కారం మరిసిందేమో అనుకున్న. ఇంకేం లేదు.

మొగిలయ్య


సిరిసిల్ల,
ఏప్రిల్ 5

మొగిలయ్యకు,

దసరకు ముందుగాల డాక్టర్ నా కడుపుల పుండున్నదని కారం బంద్ జేసిండు. మిర్యాలు ఏస్కొని తినుమన్నడు. నీకు రాయలే, ఎవలకు చెప్పలే. కారం తినలేనోన్ని మీరు నవ్వుతరని. వర్షను అడిగిన. బతుకమ్మకు అత్త కాడికి పోయినప్పుడు ఒక్క ఆమెకే చెప్పిన అన్నది.

కారం లేకుంటె ముద్ద దిగని మనిషి మా అక్క.

నమ్మిన. నీ ఉత్తరం పక్కకు పెట్టి అన్నం పెట్టుమన్న. వర్ష పెట్టింది, తిన్న. ఏడ్సుకుంట తిన్న గని కడుపు నిండ తిన్న. అక్క కూర అందలే గని అందినట్టే లెక్క.

నిన్ను మాఫ్ చేయలే. చేస్తనని గూడ అనుకోకు. సర్కారు కాయితాలల్ల మా అక్క ఇంకా మందు తాగి సచ్చిన మనిషే. తమ్ముని మీద అలిగి సచ్చిన మనిషే. అది కొట్టేపియ్యాలె. నీ ఉత్తరం నేను ఎవలకు ఇయ్య. కాయితం ఇచ్చి తప్పిచ్చుకుంటవు. నీ నోటితోని చెప్పాలె, గా దినం తాడు మీద చెప్పకుండ మింగిన మాట.

వచ్చే బుధవారం పొద్దున పది గంటలకు మేడిపల్లి ఠాణ ముందట నిలవడ్త. తాళ్లు గీసినంక అస్త అనకు. ముందుగాల రా.

నువ్వు చెప్తుంటె నాకు ఇనవడదు. నీ ఎదురుంగ కూసొని నీ మూతి చూస్త.

ముత్యం